లెక్కల సారు లేని తరగతి



పదో తరగతి ఫలితాలు రాగానే పిల్లల మార్కులు అడుగుతాం. పాఠం చెప్పిన సారు నెత్తిన ఎన్ని పనులున్నాయో అడగం. అడగాలి.

ప్రాథమిక బడిలో ఒక టీచరు సెలవు పెడితే ఇంకొకరు తరగతి చూసుకుంటారు. హైస్కూల్లో అలా కుదరదు. లెక్కలకు లెక్కల సారే కావాలి. ఆ పోస్టు ఖాళీ అయితే తెలుగు టీచరు త్రికోణమితి చెప్పలేరు కదా! టీచర్ పోస్టుల భర్తీకి 2017లో ఇచ్చిన నోటిఫికేషన్ తర్వాత తెలంగాణలో మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో. 2018లో ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఈలోపే పదో తరగతి దాటి వెళ్లిపోయారు.

సారు ఉంటే చాలదు, ఆయనకు సమయం ఉండాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ వివరాలు, ఎన్నికల డ్యూటీ... ఇవన్నీ పాఠం సమయంలోంచే పోతాయి. మంచిర్యాల జిల్లాలో చెన్నూరు దాటి కోటపల్లి, వేమనపల్లి పల్లెలకు దూరం నుంచి వచ్చే టీచరు చివరి బస్సు చూసుకోవాలి. సాయంత్రం స్పెషల్ క్లాసుకు ఎలా ఆగుతారు? వెనకబడ్డ పిల్లలకు కావలసింది ఆ గంటే.

తల్లిదండ్రులారా, ఈసారి బడి కమిటీ సమావేశానికి తప్పక వెళ్లండి. ఏ సబ్జెక్టుకు టీచరు లేరో అడగండి. మండల విద్యాధికారికి కాగితం మీద రాసివ్వండి.