అధికార భాష – అర్జీదారు భాష

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనవలను చూసుకొనడానికి ఆరేసి నెలలు అక్కడ గడిపి వచ్చేవారు ఉన్నారు. గ్రీన్‌కార్డు తీసుకొని అక్కడే స్థిరపడినవారూ ఉన్నారు. అందుచేత అక్కడి అధికార భాషా వివాదం మనకు పరాయి విషయం కాదు.

అమెరికా రాజ్యాంగంలో అధికార భాష అన్న మాటే లేదు. 1981లో సెనేటర్ హయకావా ఇంగ్లీషును అధికార భాష చేయాలని రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. ఆయన కెనడాలో పుట్టిన జపాను సంతతివారు, ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేసినవారు. వలస వచ్చినవారు పైకి రావాలన్నా, దేశం ఒక్కటిగా నిలవాలన్నా ఉమ్మడి భాష అవసరమని ఆయన వాదన. ఆ సవరణ నెగ్గలేదు. కాని 1986లో కాలిఫోర్నియా ఓటర్లు తమ రాష్ట్రంలో ఇంగ్లీషుకు ఆ హోదా ఇచ్చారు. నేటికి 30కి పైగా రాష్ట్రాలు అదే పని చేశాయి. చివరకు 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ దేశమంతటికీ ఇంగ్లీషు అధికార భాష అని ఉత్తర్వు ఇచ్చారు.

మిత్రులారా, మనం జీవితమంతా జి.ఓ.లు చదివినవాళ్ళం. పీఠిక ఎంత ఘనంగా ఉన్నా, పాత ఉత్తర్వులలో ఏది రద్దయిందోనని వెతుకుతాం. ఇందులో రద్దయినది 2000లో క్లింటన్ ఇచ్చిన 13166 నంబరు ఉత్తర్వు. ఇంగ్లీషు అంతగా రానివారికి కూడా ప్రభుత్వ సేవలు అందే ఏర్పాటు చేయాలని అది శాఖలను ఆదేశించింది. ఇప్పుడున్న ఇతర భాషల సేవలు ఆపి తీరాలని కొత్త ఉత్తర్వు చెప్పలేదు. నిర్ణయం శాఖాధిపతులకు వదిలింది. "చేయవలెను" పోయి "చేయవచ్చును" వస్తే ఆఫీసులో ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సిబ్బంది చాలని రోజున మొదట మూలబడేది ఆ "చేయవచ్చును" పనే.

ఉమ్మడి భాష కావాలనేవారి మాట తీసివేయదగినది కాదు. ఇంగ్లీషు నేర్చుకోమని మన పిల్లలకు మనమే చెప్పాం. కాని అధికార భాష ఏది అన్నది ఒక ప్రశ్న. ఆ భాష రాని మనిషి మొర ఎవరు వింటారన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదాన్ని వదిలేస్తే నష్టపోయేది వృద్ధులు, కొత్తగా వచ్చినవారు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ రెండింటినీ విడదీశారు. 343వ అధికరణం కేంద్రానికి హిందీని అధికార భాష చేసి, ఇంగ్లీషుకు 15 ఏళ్ళు గడువిచ్చింది. 1963 చట్టం ఆ గడువు దాటినా ఇంగ్లీషు కొనసాగేందుకు వీలు కల్పించింది. 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పౌరుడు తన బాధ చెప్పుకొంటూ అర్జీ పెట్టుకోవచ్చు.

చట్టమున్నంత మాత్రాన సరిపోదనీ మనకు తెలుసు. 1966లో తెలుగు అధికార భాష అయింది. అయినా ఎన్నో ఏళ్ళు తెలుగులో వచ్చిన అర్జీకి మనం ఇంగ్లీషులోనే ఎండార్స్‌మెంటు ఇచ్చాం. దానిని చదివించుకొనడానికి రైతు మళ్ళీ ఇంకొకరి దగ్గరకు పోవలసి వచ్చేది.

అమెరికాలో అన్ని తలుపులూ మూసుకుపోలేదు. చట్టసభ చేసిన చట్టాలు అధ్యక్షుని ఉత్తర్వుతో పోవు. 50 ఏళ్ళు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు, లేదా 55 నిండి 15 ఏళ్ళు అక్కడ నివసించినవారికి పౌరసత్వానికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు చట్టంలోనే ఉంది. దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన ప్రశ్నలకు తమ భాషలోనే జవాబు చెప్పవచ్చు.

కనుక అక్కడికి వెళ్ళే సభ్యులకు నా మనవి ఒక్కటే. ఆసుపత్రిలో గాని ఆఫీసులో గాని అర్థం కానిదానికి తల ఊపకండి, సంతకం పెట్టకండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని నోరు తెరిచి అడగండి. మీ జబ్బు సంగతి పదేళ్ళ మనవడి చేత చెప్పించకండి. అడిగేవాళ్ళు లేరని తేలితే ఏ ప్రభుత్వమైనా ఆ సీటు ఎత్తివేస్తుంది.