ఒకే పేరు, ఇద్దరు రోగులు: హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ చదువు గురించి

(సొసైటీ స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



ముప్పై ఏళ్లుగా బడిలో హాజరు పిలుస్తున్నాను. మన పిల్లలు ఎక్కువగా ఉన్న తరగతిలో ‘షేక్ మస్తాన్’ అంటే ముగ్గురు లేస్తారు. ఒకడి ఆధార్‌లో ‘షేక్’ ఒక స్పెల్లింగు, ఇంకొకడి టీసీలో మరో స్పెల్లింగు, మూడోవాడికి ఆ మాట పేరు చివర్లో ఉంటుంది. బడిలో నవ్వుకుని సర్దుకుంటాం. ఆసుపత్రిలో ఇలా జరిగితే?

మా అమ్మ విషయంలో జరిగింది. ఒక ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ చాలా ఎక్కువ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయేమోనని రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మూడో రోజు డాక్టరుగారు రిపోర్టు చూసి, “మాస్టారూ, అమ్మగారికి నలభై రెండేళ్లేనా?” అని అడిగారు. అదే పేరున్న ఇంకొకావిడ రిపోర్టు మాకొచ్చింది, మాది ఆవిడకు వెళ్లింది. మేం భయపడ్డాం, అంతే. జబ్బున్న ఆ తల్లి మాత్రం తనకేమీ లేదనుకుని ఆ రెండు రోజులూ నిశ్చింతగా ఉండి ఉంటుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఇలాంటి తప్పులు జరగకుండా చూసే పనికి ఒక చదువుంది. అదే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. రోగి వివరాలు సరిగా నమోదు చేయడం, భద్రపరచడం, వేళకు డాక్టరు ముందుంచడం, వేల రికార్డులు చూసి ఏ ప్రాంతంలో ఏ జ్వరం పెరుగుతోందో పసిగట్టడం ఇందులోకి వస్తాయి.

2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. ‘ఆభా’ అనే 14 అంకెల నంబరు అందులోదే. ముగ్గురు మస్తాన్‌లకు మూడు నంబర్లు. అయితే నంబరొక్కటే చాలదు. ఒక ఆసుపత్రి కంప్యూటరులో ఉన్నది ఇంకో ఆసుపత్రి కంప్యూటరుకు అర్థం కావాలి. మనం షుగరంటాం, ఒక డాక్టరు డయాబెటిస్ అని, మరొకరు పొట్టిగా డీఎం అని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 పట్టికలో మాత్రం టైప్ 2 మధుమేహం ఏ దేశంలోనైనా ‘ఈ11’.

పీజీలో ఈ కోడ్‌లు, డేటాబేస్, స్టాటిస్టిక్స్, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ పనితీరు, రోగి గోప్యత నేర్పుతారు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఒకరి జబ్బు సంగతి మన దగ్గర అమానత్ అని మన ఇళ్లలో కొత్తగా చెప్పక్కర్లేదు.

నీట్‌లో సీటు రాలేదని నెలల తరబడి గది తలుపేసుకున్న పిల్లల్ని చూశాను. వైద్యరంగంలోకి దారి అదొక్కటే కాదు. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్, కంప్యూటర్స్, వీటిలో ఏ డిగ్రీ చేసినవారికైనా చాలాచోట్ల ఈ పీజీలో అవకాశం ఉంటుంది. అర్హత ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకం. నన్నడిగితే నర్సింగ్ చదివిన మన అమ్మాయిలే దీనికి బాగా సరిపోతారు. వార్డులో అర్ధరాత్రి కేస్‌షీట్ ఎలా నిండుతుందో వాళ్లకు తెలుసు, కంప్యూటరు కుర్రాడికి తెలియదు.

ఆసుపత్రుల ఐటీ విభాగాలు, హెల్త్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బీమా క్లెయిములు, ప్రజారోగ్య పథకాలు, మందుల పరిశోధన సంస్థలు, ఇలా ఉద్యోగాలు చాలాచోట్ల ఉంటాయి. అమెరికాలో 2009 చట్టం తర్వాత ఆసుపత్రులు పెద్దఎత్తున కంప్యూటరు రికార్డులకు మారాయి. ఆ పనిలో కొంత హైదరాబాదులోనూ జరుగుతోంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. మెడికల్ కోడింగ్, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ ఒకటి కావు. కోడింగ్ ఇందులో ఒక భాగం. దానికి పీజీ అవసరం లేదు, రోజువారీ టార్గెట్లుంటాయి. అది చెడ్డ పనని కాదు, మొదటి మెట్టుగా మంచిదే. కానీ మూడు నెలల కోర్సుకు ఉద్యోగం గ్యారంటీ అని ఫీజు కట్టించుకుని, తర్వాత ఫోనెత్తని శిక్షణ కేంద్రం చేతిలో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మోసపోయింది. వాళ్ల నాన్న ఆటో నడిపి కూడబెట్టిన డబ్బది. చేరేముందు డిగ్రీకి యూజీసీ గుర్తింపు ఉందా, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఉందా, నిరుటి పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారు అని అడగండి. మొహమాటపడకండి.

భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గర ఉంటాను. డిగ్రీ మార్కుల మెమోలు తెచ్చుకున్నవాళ్లు రండి, ఎవరికి ఏ కోర్సు కుదురుతుందో కూర్చుని చూద్దాం.