ఖాళీ గడి అంటే సున్నా కాదు

(దోమలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధ్రువాల మంచు గురించి మాట్లాడతానంటే మిత్రులు నవ్వారు. "ఇక్కడ కందిచేలు ఎండుతుంటే నీకు అంటార్కిటికా ఎందుకయ్యా?" అన్నారు. సముద్రం మన గడప దాకా రాదన్న మాట నిజమే. అయితే నేను చెప్పదలచినది మనమంతా ఉద్యోగంలో ఎరిగిన విషయమే.

ఒక కరువు సంవత్సరం పంట నష్టం పట్టికకు శుద్ధప్రతి రాసే పని నాకు అప్పగించారు. మూడు గ్రామాల లెక్కలు అందలేదు. గడువు ముగుస్తోంది. ఆ గడులలో అడ్డగీత పెట్టి, అడుగున చిన్న అక్షరాలతో "వివరములు అందలేదు" అని రాసి పంపాను. పై కార్యాలయంలో ఆ గీతను నష్టం లేదని చదువుకున్నారు. ఆ మూడు ఊళ్ళకు సాయం రాలేదు. తరువాత ఒక ముసలి రైతు వచ్చి, "సారూ, మా ఊర్ల వాన పడ్డదని రాసిన్రా?" అని అడిగాడు. నేను అబద్ధం రాయలేదు. కాని ఆయనకు జవాబు చెప్పలేకపోయాను.

ఇటువంటిదే ప్రపంచ స్థాయిలోనూ జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఐ.పి.సి.సి. 2007లో నివేదిక ఇచ్చింది. ఈ శతాబ్దం చివరికి సముద్రమట్టం 18 నుంచి 59 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చని అందులో ఉంది. మంచు పలకలు వేగం పుంజుకుని సముద్రంలోకి జారితే ఎంత పెరుగుతుందో ఈ లెక్కలో కలపలేదని కూడా రాశారు. దాన్ని లెక్కకట్టే సాధనాలు అప్పటికి చాలలేదు. చాలామంది మాత్రం 59ని చూసి, అంతకు మించదనుకున్నారు.

ఆ జారడం ఎలాగంటే, అంటార్కిటికా నేలమీది మంచు మెల్లగా సముద్రం వైపు కదులుతుంది. అంచున నీటిపై తేలే మంచు దానికి కట్టలా అడ్డు నిలుస్తుంది. వెచ్చని సముద్రపు నీరు ఆ కట్టను అడుగునుంచి తినేస్తుంది. 2002లో లార్సెన్-బి అనే అటువంటి మంచు కట్ట కొద్ది వారాలలో ముక్కలైంది. వెనుకనున్న హిమానీనదాల వేగం పెరిగింది.

2021 నివేదికలో ఆ సంఘమే లెక్క మార్చింది. ఉద్గారాలను బట్టి 2100 నాటికి 28 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా పెరగవచ్చని, ఉద్గారాలు మరీ ఎక్కువైతే రెండు మీటర్లకు చేరువ కావడాన్నీ కొట్టిపారేయలేమని చెప్పింది. ఈసారి ఖాళీ గడి సంగతి పెద్ద అక్షరాలతోనే రాశారు.

ఆ గడి నింపే పనిలో మన దేశమూ ఉంది. 1981లో డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో మన తొలి యాత్ర గోవా నుంచి బయలుదేరింది. 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు నెలకొన్నాయి. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఏ తీరానికి ఎంత ముప్పో పటాలు తయారుచేసింది.

విధానం దగ్గరే మళ్ళీ గీత పడుతుంది. 2011 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో సముద్రమట్టం పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకునే ప్రమాద రేఖ ఉండేది. 2019 నోటిఫికేషన్ ఆ రేఖను కట్టడాల నియంత్రణ నుంచి విడదీసి, విపత్తు నిర్వహణకు పరిమితం చేసింది.

ఇందులో మనకేమిటి అంటారా? మన పిల్లలు విశాఖలో, చెన్నైలో, ముంబైలో ఇళ్ళు కొంటున్నారు. మన గ్రాట్యుటీ అందులోకే పోతోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్ళు సముద్రం పాలయ్యాయి. అక్కడి కోతకు వేరే కారణాలూ ఉన్నాయి, కాని మట్టం పెరిగేకొద్దీ అలల దెబ్బ ఇంకా లోపలికి వస్తుంది. కొనేముందు ప్రమాద రేఖ ఎక్కడుందని అడగమని పిల్లలకు చెప్పండి.

భయపడమని నేననను. మంచంతా రేపే కరగదు. శతాబ్దాలు పడుతుంది. కాని తెలియనిదాన్ని లేనిదిగా రాసుకుంటే నష్టపోయేది ఎవరో నేను కళ్ళారా చూశాను. అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవడం మనం జీవితమంతా చేసిన పని. ఆ అలవాటుకు పదవీ విరమణ లేదు.