తోటి విద్యార్థుల ఋణం

గురుఋణాన్ని గూర్చి మన పెద్దలు చాలా చెప్పినారు. తల్లిదండ్రుల ఋణాన్ని గూర్చియు చెప్పినారు. ప్రక్కప్రక్కన కూర్చుండి చదివినవారి ఋణాన్ని గూర్చి మాత్రం అంతగా చెప్పలేదు. ఉన్నత పాఠశాలలో గడిపిన అయిదేండ్లను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఈ లోటు స్ఫురిస్తుంది. ఉపాధ్యాయులు మాకు పాఠం చెప్పినారు. ఆ పాఠాన్ని మేము ఒకరికొకరం చెప్పుకొన్నప్పుడే అది మాదయినది.

నేను చదువుకొన్నది బయ్యారంలో. నేడు మహబూబాబాదు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలోనిది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించిన పెద్దచెరువు ఈ ఊరికి ప్రాణం. ధర్మకీర్తి సముద్రమని శాసనం దానిని పేర్కొన్నది. చుట్టూ గుట్టలు, ఆ గుట్టలలో ఇనుప ఖనిజం. కోయగూడేలు, లంబాడీ తండాలు. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ అమలులోనికి వచ్చిన తరువాత ఇటువంటి ఊళ్ల ఉన్నత పాఠశాలలను నడిపే బాధ్యత జిల్లా పరిషత్తులది అయినది. ఊరిలోనివారు, గూడెంవారు, తండావారు ఒకే కప్పు క్రింద రోజుకు ఆరేడు గంటలు కలసి గడిపే చోటు ఆ పాఠశాల ఒక్కటే.

మా తాతల కాలంలో, నిజాము ఏలుబడిలో, పైతరగతుల చదువంతా ఉర్దూలో సాగేది. 1948 తరువాతనే ఈ ప్రాంతపు పిల్లలకు తెలుగులో చదువుకొనే అవకాశం విరివిగా లభించినది. అయితే తెలుగు పుస్తకం చేతికి వచ్చినంత మాత్రాన అందరికీ మాతృభాషలో చదువు వచ్చినట్లు కాదు. 1990 ప్రాంతంలో మేము ఆరవ తరగతిలో చేరినపుడు ఈ సంగతి మాకు ప్రత్యక్షంగా తెలిసివచ్చినది.

నా ప్రక్కన కూర్చుండే మిత్రుడొకడు తండానుండి నడిచి వచ్చేవాడు. ఇంట లంబాడీ మాట్లాడి, అంగడిలో తెలుగు మాట్లాడి, బడిలో పద్యాల తెలుగు చదువవలసిన బాలుడు. బుద్ధిలో ఎవరికీ తీసిపోడు. వడ్డీ లెక్కలు నోటనే కట్టగలడు. నాకు ఆ లెక్కలు నేర్పినవాడు అతడే. సాంఘిక శాస్త్రంలోని దీర్ఘవాక్యాలు మాత్రం అతనికి కొరుకుడు పడేవి కావు. మధ్యాహ్న విరామంలో నేను పాఠాన్ని బిగ్గరగా చదివేవాడిని. తొందరపడితే అతడు చేయెత్తి ఆపేవాడు. విరుపు సరిగా లేకుంటే, “మళ్లా చదువు” అనేవాడు. కఠినమైన మాట వస్తే దానికి ఇంటిమాట ఒకటి వెదకి చెప్పేదాకా ముందుకు పోనిచ్చేవాడు కాడు. తరువాత విశ్వవిద్యాలయంలో చదివినాను. రేడియోలో చేరి శిక్షణ పొందినాను. కంటికి కనిపించని శ్రోతకు ఒక్కసారి వినగానే అర్థమయ్యేటట్లు చదువవలెనని అక్కడ బోధించినారు. ఆ సూత్రం నాకు క్రొత్తగా తోచలేదు. నా మొదటి శ్రోత దానిని నాకు ఎన్నడో నేర్పి ఉన్నాడు.

ఇట్లే మరికొందరు. పశువులను తోలుకొని గుట్టలు తిరిగే పిల్లలు బరువైన ఎర్రరాళ్లను సంచులలో వేసుకొని వచ్చేవారు. పిడికెడు రాయికి అంత బరువెందుకని అడిగినది వారే; ఖనిజాల పాఠం ఆనాడు సార్థకమయినది. వానకాలంలో వాగు పొంగితే అవతలివారు రెండు మూడు దినాలు బడికి రాలేకపోయేవారు. తరగతిలోని ఆడపిల్లలు వారికోసం పాఠాలను నోటుపుస్తకాలలో ఎక్కించి ఉంచేవారు. అట్లా చేయుమని వారికి ఎవరూ చెప్పలేదు. పరీక్ష దగ్గరపడితే ఒక్క కంపాసు పెట్టె నాలుగు వరుసలు తిరిగి, ఒక్క ముల్లూ పోకుండా, తన యజమానిని చేరేది.

ఆరవ తరగతిలో చేరినవారందరూ పదవ తరగతికి రాలేదు. ఏడవ తరగతి ఉమ్మడి పరీక్ష కొందరిని ఆపినది. పెండ్లి కొందరు ఆడపిల్లలను తీసుకొనిపోయినది. మిరపతోటల కూలి, పత్తిచేల కూలి మరికొందరిని పిలుచుకొన్నవి. చివరకు పదవ తరగతి పరీక్ష వచ్చినది. పదకొండు పత్రాలు, 600 మార్కులు. వడ్డీ లెక్కలు నోటనే కట్టిన నా మిత్రుడు ఇంగ్లీషులో 35 మార్కులు అందుకోలేక అక్కడే ఆగినాడు. నాకు గణితంలో వచ్చిన మార్కులలో అతని పాలు ఎంత? ఎవరి శ్రమ ఎవరి మార్కులలో చేరినదో మార్కుల పట్టీ చెప్పదు. అతడు నేడు సేద్యం చేస్తున్నాడు. కుమార్తెను డిగ్రీ చదివిస్తున్నాడు. ఆమెకు పాఠం చదివి వినిపించమని అడుగుతాడట.

ఈ మధ్య ఊరూరా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నవి. చరవాణులు వచ్చిన తరువాత పాత మిత్రులను వెదకి పట్టుకొనుట సులభమయినది. ఇది సంతోషించదగిన విషయం. కాని పిలుపుల జాబితాను సాధారణంగా పదవ తరగతి ఉత్తీర్ణుల పేర్లనుండి తయారు చేస్తారు. మధ్యలో ఆగినవారికి ఆహ్వానం అందదు. అందినను, ఉద్యోగస్థుల నడుమ తమకేమి పని అని వారు రారు.

బయ్యారం చెరువు శాసనాన్ని చరిత్రకారులు ఇంతగా ఆదరించుటకు కారణం ఒకటున్నది. అది ప్రసిద్ధులైన చక్రవర్తుల పేర్లతో సరిపెట్టుకొనలేదు. వెన్నభూపతి మొదలుకొని కాకతీయ వంశక్రమాన్ని వరుసగా చెప్పినది. మొదటివారిని విడువనందువల్లనే ఆ చరిత్ర మనకు దక్కినది. తరగతి చరిత్రకును ఇదే న్యాయం. సమ్మేళనం తలపెట్టినవారు ఉత్తీర్ణుల జాబితాను ప్రక్కనపెట్టి, ఆరవ తరగతి హాజరు పట్టీని తెరువవలెను. అందులోని ప్రతి పేరునూ ఒకమారు పైకి చదువవలెను. ఆ పేరుగలవారు ఏ తండాలో, ఏ చేనులో ఉన్నారో కనుగొని, ఉత్తరంతో సరిపెట్టక, మనిషి స్వయంగా వెళ్లి పిలువవలెను. మనకు చదువు వచ్చుటకు తోడ్పడినవారిని మనతోపాటు కూర్చుండబెట్టుకొనుటకంటె ఆ ఋణం తీర్చే మార్గం మరొకటి లేదు.