ప్రాయశ్చిత్తంలో బాధితుడి వాటా

మతాన్ని నైతికం చేసేది ఏమిటన్న ప్రశ్నకు తత్త్వశాస్త్ర గ్రంథాల్లో నాలుగు జవాబులు స్థిరపడ్డాయి. మొదటిది దైవాజ్ఞ. దేవుడు చెప్పాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా అని ప్లేటో రాసిన ‘యూథిఫ్రో’లో సోక్రటీసు అడిగిన నాటినుంచీ ఆ జవాబు కుంటుతూనే ఉంది. రెండోది విధినిషేధాల పట్టిక. పంచశీలాలు, పది ఆజ్ఞలు, పతంజలి యమనియమాలు ఈ కోవలోవి. దొంగతనం చెయ్యమని ఏ మతమూ చెప్పదు గనక, పట్టికను బట్టి మతాల మధ్య తేడా తేలదు. మూడోది శీలం, అంటే ఆ మతం ఎలాంటి మనుషుల్ని తయారు చేస్తుందన్నది. నాలుగోది తత్త్వం. పరమసత్యం గురించి ఒక మతం చెప్పేదాని నుంచే దాని నీతి పుడుతుందని ఈ పక్షం వాదన. మొదటి మూడింటికీ పాఠ్యపుస్తకాలు చాలు. నాలుగోదాన్ని మాత్రం మన తత్త్వశాస్త్ర విభాగాలు సిద్ధాంతంగా కాక, రుజువైన విషయంగా బోధిస్తున్నాయి. తగాదా దానితోనే.

ఈ ఉపన్యాసాల ధర్మనిధి ఎవరి పేరిట వెలసిందో ఆ ఆచార్యులు నాలుగో జవాబు పక్షమే. ఆయన విద్వత్తును ఈ వేదిక మీద ఏటా కొనియాడుతూనే ఉన్నారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది: అరువు తెచ్చుకున్న పుస్తకాల అంచుల్లో ఎర్ర పెన్సిలుతో గ్రంథకర్తలతో పోట్లాడి, చెరపకుండానే తిరిగి ఇచ్చేసేవారు. ఆయన చేతిలో నలిగిన బ్రహ్మసూత్ర శాంకరభాష్యం ప్రతిలో శూద్రుడికి వేదవిద్యలో అధికారం లేదని తేల్చే ఒక్క అపశూద్రాధికరణం పుటలు మాత్రం ఏ గీతా లేకుండా ఉన్నాయి.

నాలుగో జవాబుకు ఆధునిక చరిత్ర చిన్నదే. పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించాలని బైబిలు చెబుతుందనీ, ఎందుకు ప్రేమించాలో ‘తత్త్వమసి’ చెబుతుందనీ పాల్ డాయిసన్ 1893లో బొంబాయి రాయల్ ఏషియాటిక్ సొసైటీ శాఖలో ఉపన్యసించాడు. వేదాంతానికి నీతి లేదన్న మిషనరీల విమర్శకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థిగా సర్వేపల్లి రాధాకృష్ణన్ 1908లో ఒక పరిశోధన వ్యాసంతో జవాబిచ్చారు. భారతీయ చింతన లోకాన్ని, జీవితాన్ని నిరాకరిస్తుందని ఆల్బర్ట్ ష్వైట్జర్ రాసినప్పుడు, 1939లో వచ్చిన ప్రాచ్యమతాలు–పాశ్చాత్యచింతన గ్రంథంలో అదే వాదాన్ని మరింత విస్తరించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా ఉపాధ్యక్షులుగా ఉన్న వారి మాటకు తెలుగునాట ఎదురు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎదురు జర్మనీ నుంచి వచ్చింది. ‘తత్త్వమసి’ని నీతికి పునాదిగా చూడడం షోపెన్‌హవర్‌తో మొదలైందనీ, ఆయన నుంచి డాయిసన్‌కూ, అక్కణ్ణుంచి వివేకానందుడి తరానికీ చేరిందనీ, ప్రాచీన వేదాంతులెవరూ ఆ వాక్యాన్ని అలా వాడలేదనీ పాల్ హాకర్ 1961లో వాదించాడు. హాకర్ తర్వాత కాథలిక్ మతం పుచ్చుకున్నాడు కాబట్టి ఆ వాదన పక్షపాతమని కొట్టిపారేసేవారున్నారు. హాకర్ ఉద్దేశాన్ని శంకించవచ్చు. శంకరుల భాష్యం మాత్రం ఎదురుగానే ఉంది. అపశూద్రాధికరణంలో, ఒకటో అధ్యాయం మూడో పాదం 38వ సూత్రం దగ్గర, వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసమూ లక్కా నింపాలన్న గౌతమ ధర్మసూత్ర వాక్యాన్ని శంకరులు ప్రమాణంగా ఉదాహరించారు. విదురుడికి, ధర్మవ్యాధుడికి జ్ఞానం కలిగిందని ఒప్పుకుని, దాన్ని పూర్వజన్మ సంస్కారానికి చెల్లువేశారు. ఇతిహాస పురాణాలు నాలుగు వర్ణాలకూ ఉన్నాయి కదా అన్నారు. అద్వైతాన్ని అడుగడుగునా ఖండించిన రామానుజులు కూడా ఈ అధికరణంలో తేల్చింది అదే. పరస్పరం విరుద్ధమైన రెండు తత్త్వాలు ఒకే సామాజిక నిర్ణయానికి వచ్చాయంటే, ఆ నిర్ణయం తత్త్వంలోంచి వచ్చింది కాదు.

విధినిషేధాల పట్టిక కూడా ఇక్కడ ఆదుకోదు. ఆ గౌతమ సూత్రమే ఎనిమిదో అధ్యాయంలో నలభై సంస్కారాలు, ఎనిమిది ఆత్మగుణాలు లెక్కించి, సంస్కారాలన్నీ జరిగినా గుణాలు లేనివాడికి బ్రహ్మలోకం లేదని ప్రకటిస్తుంది. ఆ గుణాల్లో మొదటిది సర్వభూతదయ. సీసం మాట పన్నెండో అధ్యాయంలో ఉంది. దయ గురించి చెప్పిన గ్రంథమే ఆ శిక్షనూ చెప్పగలిగింది.

కాబట్టి ఐదో కొలత కావాలి. ఒకడు మరొకడికి అన్యాయం చేశాక, ఆ మతం నిర్దేశించే శుద్ధిలో దెబ్బతిన్నవాడికి స్థానం ఉందా, లేదా అన్నదే ఆ కొలత. యూదుల మిష్నాలో యోమా ప్రకరణం ఎనిమిదో అధ్యాయం సూటిగా ఉంటుంది: మనిషికీ దేవుడికీ మధ్య తప్పులను ప్రాయశ్చిత్త దినం తుడుస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య తప్పులను బాధితుణ్ణి శాంతింపజేసేదాకా తుడవదు. మత్తయి సువార్త ఐదో అధ్యాయం కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సోదరుడితో సమాధానపడి రమ్మంటుంది. ఇస్లామిక్ న్యాయశాస్త్రం హుకూకుల్లాను, అంటే దేవుడి హక్కులను, హుకూకుల్ ఇబాద్ నుంచి, అంటే తోటి మనుషుల హక్కుల నుంచి వేరుచేసింది. రెండోవాటికి పశ్చాత్తాపం ఒక్కటే చాలదు. బౌద్ధ వినయపిటకం చుల్లవగ్గలో సుధమ్ముడనే భిక్షువు చిత్తుడనే గృహస్థుణ్ణి అవమానిస్తాడు. సంఘం అతణ్ణి మరో భిక్షువును తోడిచ్చి పంపి, గృహస్థుడికి క్షమాపణ చెప్పిస్తుంది. భిక్షువు వెళ్లి గృహస్థుడి ముందు తలవంచాలన్న నియమం ఏ కాలంలోనైనా చిన్నది కాదు.

ధర్మశాస్త్రాల సంగతే జటిలం. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం, మొదటి ప్రశ్నలో, క్షత్రియుణ్ణి చంపినవాడు వెయ్యి ఆవులు, వైశ్యుణ్ణి చంపితే వంద, శూద్రుణ్ణి చంపితే పది ఇవ్వాలంటుంది. వైరం తొలగడానికి అని కారణం చెబుతుంది. ఎవరికివ్వాలో చెప్పదు. ఉజ్జ్వలా వ్యాఖ్య రాసిన హరదత్తుడు బ్రాహ్మణులకన్నాడు. చనిపోయినవాడు చంపినవాడికి పైజన్మలో శత్రువు కాకుండా ఉండడమే వైరం తొలగడమన్న ఇతరుల వివరణను కూడా ఉదాహరించాడు. 1879లో ఈ సూత్రాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన బ్యూలర్ అనువాదంలో హరదత్తుడి మాట నిలిపినా, అధోజ్ఞాపికలో మాత్రం వేరే పక్షానికి మొగ్గాడు. గ్రీకుల్లో, జర్మన్ తెగల్లో హత్యకు బదులు ధనమిచ్చి పగ చల్లార్చే ఆచారం లాంటిదాని శేషమే ఇది అన్నాడు. వేదపండితుడు రోత్ వేదంలోనే దాని జాడలు చూపాడు.

బ్యూలర్ అధోజ్ఞాపికలో మొగ్గిన పక్షమే సరైనది. దానికి రుజువు సూత్రంలోనే ఉంది. ఆవుల లెక్క చెప్పాక, అన్ని సందర్భాల్లోనూ అదనంగా ఒక ఎద్దును ఇవ్వాలనీ, అది ప్రాయశ్చిత్తం కోసమనీ ఆపస్తంబుడు అంటాడు. ఆవులే ప్రాయశ్చిత్తమైతే ఎద్దుకు ఆ కారణం విడిగా చెప్పనక్కర లేదు. ఎద్దు పాపానికి, ఆవులు పగకు. పగ ఉండేది బతికున్న బంధువులకు. హరదత్తుడు ఉదాహరించిన వివరణ దాన్ని చచ్చినవాడికి అంటగట్టడంతో బంధువులు కథలోంచి తప్పుకున్నారు. బౌధాయనుడు అవే ఆవులను, అదే కారణంతో, రాజుకిమ్మన్నాడు. గౌతముడి దగ్గర లెక్క మిగిలింది, వైరం మాట పోయింది. మనుస్మృతి పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి శూద్రవధకు పది తెల్లావులూ ఒక ఎద్దూ బ్రాహ్మణుడికి అని ఖరారైంది. బంధువుల నుంచి రాజుకు, రాజు నుంచి బ్రాహ్మణుడికి ఆవులు చేతులు మారాయి.

ఈ క్రమానికి ఒక అభ్యంతరం కాలానికి సంబంధించింది. పి.వి. కాణే గౌతముణ్ణి అందరికన్నా ప్రాచీనుడన్నాడు. అలాగైతే వైరం మాట లేని పాఠమే మొదటిదవుతుంది. ఒలివెల్ ఆపస్తంబుణ్ణి ముందు నిలిపాడు. కాణేని ఒప్పుకున్నా చిక్కు తీరదు: పగకోసమని లేని విధిలోకి ఆపస్తంబ, బౌధాయనులిద్దరూ ఎందుకు పగను చొప్పించారో చెప్పాల్సి ఉంటుంది. రెండో అభ్యంతరం గట్టిది. నష్టపరిహారం వ్యవహారకాండ పని, ప్రాయశ్చిత్తం ఆత్మశుద్ధికి, రెండింటినీ కలపరాదని. కానీ మనుస్మృతి పదకొండో అధ్యాయమే వాటిని కలిపింది. స్వల్పమైన వస్తువు దొంగిలించినవాడు దాన్ని తిరిగి ఇచ్చి, ఆపై సాంతపన కృచ్ఛ్రమనే వ్రతం చెయ్యాలంది. గిన్నె పోయినవాడికి గిన్నె తిరిగి వస్తుంది, కొడుకు పోయినవాడికి ఏమీ రాదు. కొడుకు శూద్రుడైతే లెక్క ఇంకా దిగుతుంది. కాకి, కప్ప, కుక్క వంటి జంతువులను చంపినా శూద్రవధ ప్రాయశ్చిత్తమే చెయ్యాలని ఆపస్తంబుడు తరువాతి ఖండంలో చెప్పాడు. దీన్ని జీవకారుణ్యంగా వ్యాఖ్యానించిన ఆధునికులున్నారు. అంతటి ఔదార్యం ఆ సూత్రానికి అవసరం లేదు.

పశ్చాత్తాపం నిజమైనదైనా ఈ కొలత ముందు తప్పిపోవచ్చు. అశోకుడి పదమూడో శిలాశాసనం కళింగలో లక్షన్నర మందిని తరలించారనీ, లక్షమంది హతులయ్యారనీ, అంతకు ఎన్నోరెట్లు మరణించారనీ ఒప్పుకుంటుంది. అది కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. కళింగలోని ధౌలి, జౌగడల్లో లేదు. అక్కడ పదకొండు నుంచి పదమూడు దాకా వదిలేసి, వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. పాత గాయం కెలక్కుండా ఉండే రాజనీతి అది అని చరిత్రకారులు సమర్థిస్తారు. తరలించినవారిని వెనక్కి పంపినట్టు మాత్రం ఏ శాసనమూ చెప్పదు.

ఇప్పుడు తయారవుతున్న ప్రాయశ్చిత్త విధుల సంకలనం ఈ కొలతతోనే సాగుతోంది. ప్రతి విధికీ తప్పు, చేసినవాడి వర్ణం, బాధితుడి వర్ణం, ఇచ్చేది, పుచ్చుకునేవాడు అని ఐదు గళ్లు ఉంటాయి. ధర్మసూత్రాలు, మనువు, యాజ్ఞవల్క్యుడు మొదటి సంపుటంలోకి వస్తారు. గ్రంథాల్లోని విధి ఊళ్లో ఎలా అమలైందో తెలిపేవి శాసనాలు. వేటలో పొరపాటున మనిషిని చంపినవాడు గుడిలో అఖండదీపం పెట్టాలని ఊరిపెద్దలు తీర్పు చెప్పిన సందర్భాలు చోళుల కాలపు తమిళ శాసనాల్లో కనిపిస్తాయి. అక్కడ పుచ్చుకునేవాడు దేవుడు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్య మితాక్షరను ఆధారం చేసుకుని పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగులో రాసిన విజ్ఞానేశ్వరీయం ప్రాయశ్చిత్త భాగాన్ని సంస్కృత మూలంతో పక్కపక్కన అచ్చువేస్తేగాని కేతన ఏది ఉంచాడో, ఏది వదిలాడో తెలియదు. ఆ భాగమూ, శాసనాలూ రెండో సంపుటానికి కేటాయించినవి.