రోము నగరమందలి సాన్ క్లెమెంటే చర్చి

రోము నగరమున కొలోసియమునకును లాటెరన్ చర్చికిని నడుమ సాన్ క్లెమెంటే అను చర్చి కలదు. మొదటి శతాబ్ది చివర రోమునకు బిషప్పుగా నుండిన క్లెమెంటు పేర వెలసినది. దీనికంటె పెద్దవియు, ప్రసిద్ధములును అగు చర్చిలు ఆ నగరమున అనేకము లున్నవి. అయినను కట్టడపు వయస్సు వేరు, అందలి వస్తువుల వయస్సు వేరు అనుటకు ఇంత చక్కని నిదర్శనము దొరకుట అరుదు. నేడు దానిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

ముందుగా బసిలికా అన నేమో తెలిసికొందము. అది మొదట మతసంబంధమైన మాట కాదు. రోమనులు న్యాయవిచారణలకును, వర్తక వ్యవహారములకును కట్టుకొనిన పొడుగైన శాలకు ఆ పేరు. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలమున మతస్వాతంత్ర్యము లభించిన పిమ్మట, జనమంతయు ఒకచోట కూడి ప్రార్థించుటకు తగిన కట్టడము క్రైస్తవులకు కావలసివచ్చెను. రోమనుల పాత ఆలయము అందుకు పనికిరాదు. అక్కడ బలిపీఠము ఆరుబయట నుండును, జనము వెలుపలనే నిలుతురు. అందుచే వారు శాలనే స్వీకరించిరి. నడుమ విశాలమైన భాగము, ఇరువైపుల స్తంభముల వరుసలు, వాని కావల ఇరుకైన ప్రక్క భాగములు, కొనయందు అర్ధవృత్తాకారమైన గోడ, దాని ముందు బలిపీఠము: ఇదియే బసిలికా స్వరూపము.

క్లెమెంటు పేర రోములో ఒక చర్చి యున్నదని 392లో జెరోము పండితుడు వ్రాసెను. నేడు వీధి మట్టమున కనిపించు చర్చియే అది యని పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు అందరును నమ్మిరి. ఆ నమ్మకమునకు బలము చేకూర్చినది లోపలి సామగ్రియే.

లోపల అడుగిడగానే నడిమి భాగమున మొలయెత్తు పాలరాతి పలకలతో కట్టిన ఆవరణ మొకటి కనిపించును. గాయకులు నిలిచి కీర్తనలు పాడుటకై ఏర్పరచిన స్థల మది. దీనిని స్కోలా కాంటోరుం అందురు. పలకలమీద శిలువలును, పూదండలును, దండ నడుమ యోహాను అను పేరి అక్షరముల అల్లికయు చెక్కబడియున్నవి. ఈ యోహాను 533 మొదలు 535 వరకు పోపుగా నుండిన రెండవ యోహాను. ఆయన అసలు పేరు మెర్కూరియసు. ఈ చర్చి గురువే. అన్యదేవత పేరు పోపునకు తగదని మార్చుకొనెను.

ఆవరణకు ఇరుప్రక్కల గ్రంథపఠనమునకై రాతి వేదికలు కలవు. సువార్త చదువు వేదిక ప్రక్క మెలికలు తిరిగిన రాతి దీపస్తంభము నిలిచియున్నది. ఈస్టరు పండుగనాటి పెద్ద కొవ్వొత్తిని దానిపై నిలిపెదరు. బలిపీఠముపై నాలుగు స్తంభముల రాతి చందువా, దాని వెనుక బిషప్పు ఆసనము, క్రింద ఎరుపు, ఆకుపచ్చ రాళ్లను చక్రములుగను పట్టెలుగను పొదిగిన నేల. ఇవి పన్నెండవ శతాబ్ది శైలికి చెందినవి. ఆ నేలకు కావలసిన రంగురాళ్లను శిల్పులు పాత రోమను కట్టడముల నుండి తెచ్చి పలుచగా కోసికొనిరి.

1857లో ఆ చర్చి అధిపతియైన జోసెఫ్ ములూలీ అను ఐర్లండు సన్యాసి నేల క్రింద త్రవ్వకము ప్రారంభించెను. అడుగున మరియొక చర్చి బయల్పడినది. జెరోము ఎరిగినది అది! నేల మట్టము పెరుగుటచేతను, గోడలు బలహీనపడుటచేతను పన్నెండవ శతాబ్ది తొలినాళ్లలో దానిని మట్టితో పూడ్చి, ఆ గోడలనే పునాదిగా చేసికొని, కొంత ఇరుకుగా క్రొత్తది కట్టిరి. పూడ్చుటకు ముందు ఆరవ శతాబ్దినాటి పాలరాతి పలకలను మాత్రము ఊడదీసి పైకి తెచ్చి మరల అమర్చిరి. పలకలు తమ వయస్సును నిజముగనే చెప్పుచుండెను. వాని వయస్సును గోడలకు అంటగట్టుటయే పండితుల పొరపాటు.

ఇందుండి విచారింపదగిన విషయ మొకటి కలదు. పలకలు నిలిచినది వానితో పని తీరలేదు కనుక. గాయకులు, కీర్తనలు ఉన్నంతవరకు ఆవరణ కావలసినదే. క్రింది గోడలు నిలిచినది వానితో పని తీరి మట్టిలో కలిసినవి కనుక. ఆ గోడలపై పదునొకండవ శతాబ్ది చివర వ్రాసిన చిత్రములు రంగు చెడకుండ బయల్పడినవి. వానిలో ఒకదానియందు సిసినియసు అను ధనికుడు క్లెమెంటును బంధింపుడని సేవకుల కాజ్ఞాపించును; వారు భ్రమపడి ఒక స్తంభమును త్రాళ్లతో ఈడ్చుచుందురు. క్లెమెంటు మాట లాటినులో, సిసినియసు కేకలు నాటి ప్రజల వాడుకభాషలో వ్రాయబడినవి. మన సంస్కృత నాటకములలో పాత్రనుబట్టి ప్రాకృతము వచ్చుట వంటిదే ఇది. ఇటాలియను భాషకు దొరకిన తొలి వ్రాతలలో ఈ కేకలు చేరినవి.

కాని వెలుగు చూచిన నాటినుండి ఆ చిత్రములు గాలికిని తేమకును వెలిసిపోవుచున్నవి. అడుగుభాగముల నిండిన నీటిని మళ్లించుటకు 1914 నాటికి సొరంగమొకటి త్రవ్వి, పురాతనమైన రోము మురుగు కాలువతో కలిపిరి. అంతటితో చిత్రముల సంరక్షణ ముగియలేదు. త్రవ్వి తీయనిచో మన మా చర్చిని ఎరుగము. త్రవ్వితీసినందున దానిని కాపాడు భారము ప్రతి తరమునకును సంక్రమించినది.

కనుక ప్రాచీన కట్టడమును దర్శించునపుడు గోడలు ఏనాటివి, వానిలోని వస్తువు లేనాటివి, అవి మొదటినుండి అక్కడనే యున్నవా, ఎవరైన తెచ్చి నిలిపిరా అని వేర్వేరుగ ప్రశ్నించుట మంచిది. సాన్ క్లెమెంటేలో ఈ ప్రశ్నలు అడుగుటకు 1857 వరకు ఎవరికిని అవసరము తోచలేదు.