ఏర్చి కూర్చిన గాయనీ బృందములు

కంపెనీలవారు ప్రకటనలిచ్చి, వచ్చిన యువతులలో నలుగురైదుగురిని ఏరుకొని, వారికి పేరు, దుస్తులు, పాటలు సమకూర్చి ఒక బృందముగా నిలుపుట లోకమున చాలకాలముగా జరుగుచున్నది. ఇట్టి బృందముల యెడల మాకు చులకన భావమే యుండెను. పాట గొంతులో పుట్టవలెను గాని కార్యాలయములో పుట్టునా యని మా వాదము. నకిరేకల్ ప్రాంతమువారికి ఇది సహజమే. బతుకమ్మ చుట్టు చేరిన స్త్రీలను ఎవ్వరును ఏరలేదు. పాట తెలిసిన యామె ఎత్తుకొనును, తక్కినవారు అందుకొందురు. గొంతు బాగులేదని ఎవ్వరిని వలయమునుండి పంపివేయరు.

ఇప్పుడు మా అభిప్రాయము కొంత మారినది. ఎందుచేతనో మనవి చేసెదము.

1994లో ఇంగ్లండులో 'ది స్టేజ్' అను పత్రికలో, ఆడను పాడను నేర్చిన యువతులు కావలెనని యొక ప్రకటన వెలువడెను. వందలమంది వచ్చిరి. చివరకు ఐదుగురు నిలిచిరి. వారే 'స్పైస్ గర్ల్స్'. వారిని ఒకే యింట నుంచి తరిఫీదు ఇప్పించిరి. ఐతే మరుసటి యేడే ఆ యువతులు తమ్ము కూర్చిన యజమానులను విడిచి వెళ్ళిపోయిరి! 1996లో మొదటి రికార్డుగా ఏ పాట రావలెనను తగవు వచ్చినప్పుడు తమ మాటయే నెగ్గించుకొనిరి. ఆ పాట రచనలో వారి చేయియు కలదు. బొమ్మలని మనమనుకొన్నవారు ఇట్లు చేయుదురా? వారి ముద్దుపేర్లు మాత్రము ఒక పత్రికవారు పెట్టినవి. అవి నేటికిని మాకు రుచింపవు.

మన దేశమున 2002లో 'చానెల్ వి' టెలివిజను వారు 'పాప్‌స్టార్స్' అను పోటీ నడపి 'వివా' బృందమును నిలిపిరి. సీమా రామచందానీ, ప్రతీచీ మహాపాత్ర, నేహా భసీన్, మహువా కామత్, అనుష్కా మన్‌చందా అని ఐదుగురు. రెండవ ఆల్బము నాటికి నలుగురైరి. కొన్నియేండ్లకు బృందమే లేకపోయెను. కంపెనీ సరకునకు ఆయుర్దాయమింతే యని అనుకొందుము. కాని గొంతులు పోలేదు. నేహా భసీన్ 2011లో 'ఊసరవెల్లి'కి, 2014లో '1 నేనొక్కడినే'కు తెలుగున పాడినది. 2016 నాటి హిందీ చిత్రము 'సుల్తాన్'లోని పాటకు ఫిల్మ్‌ఫేర్ బహుమానము నందినది. ఆ తెలుగు పాటలు విన్నవారిలో ఎందరికి 'వివా' పేరు తెలియును? మంచి పాటకు పుట్టుక అడుగరు గదా.

అదియును గాక, రేడియో యున్న యిండ్లవారము మనము ఈ విషయమున మరీ బెట్టుగా నుండరాదు. ఆకాశవాణి చేయునదియు ఏర్చి కూర్చుటయే. 1952లో ఢిల్లీలో వాద్యబృందమును ఏర్పరచి, రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ గార్ల చేతికిచ్చిరి. వేరువేరు బాణీల విద్వాంసులు జీతములకు వచ్చి ఒకచోట కూర్చుండి వాయించిరి. అది కల్పితమని ఎవ్వరును అనలేదు.

భేదము లేకపోలేదు. ఆకాశవాణి పరీక్ష గొంతును అడుగును. టెలివిజను పరీక్ష ముఖమును కూడ అడుగును. ఓడిన పిల్ల కన్నీటిని దగ్గరగా చూపి వినోదమని పంచిపెట్టును. ఈ సంగతిలో మా అభిప్రాయము వెంట్రుకవాసియు మారలేదు.

2023లో అమెరికా, కొరియా కంపెనీలు కలసి పోటీ పెట్టి 'క్యాట్సై' యను బృందమును కూర్చినవి. 2024లో మొదటి పాట వెలువడినది. అందు లారా రాజ్ అను తమిళ కుటుంబపు పిల్ల యున్నది. రేపు తెలుగింటి పిల్లయు పోయెదననవచ్చును. అప్పుడు పెద్దలు "అదియు ఒక పాటయేనా?" యని కసరుటకంటె, ఒప్పంద పత్రము తెప్పించి చదువుట మేలు. ఎన్నియేండ్లు కట్టుబడి యుండవలెను? బృందము పేరు ఎవరి సొత్తు? విడిపోయిన పిదప వేరొకచోట పాడనిత్తురా? కడపటి ప్రశ్నకు జవాబు స్పష్టముగా లేనిచో సంతకమునకు తొందరపడనక్కరలేదు.